సుజాత చెయ్యి గీసిన కాగితం

దయ్యాల కథలు మొదలైతే లేచి వెళ్ళి నా పని చూసుకునేదాన్ని నేను. పెంటపాడులో మా ఇంటి వెనకే చర్చి సమాధులు. ఎండాకాలం మా అమ్మ వాటి మీదే వడియాలు పెట్టేది. అవి తిని పెరిగినదాన్ని, నాకేం భయం?

రెండు వేల అయిదు ప్రాంతంలో కైకలూరు దగ్గర అనాథ పిల్లల హాస్టల్లో టీచరుగా చేశాను. దాన్ని నడిపే సంస్థే ఉక్రెయిన్‌లోనూ ఒక పిల్లల ఇల్లు నడిపేది. ఇక్కడి ఒక్కో పిల్లకి అక్కడ ఒక స్నేహితురాలు. ఒకరి భాష ఒకరికి రాదు. అందుకని ఏటా క్రిస్మస్ ముందు ఎడమ చెయ్యి కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, మధ్యలో పేరు రాసి పంపుకునేవాళ్ళు. అందుకున్న పిల్ల దాని మీద తన చెయ్యి ఆనించి చూసుకునేది.

మా సుజాతకి తొమ్మిదేళ్ళు. దాని జోడీ పేరు ఒల్యా. ఆ ఏడు ఆగస్టులో సుజాత జ్వరంతో ఏలూరు ఆసుపత్రిలో పోయింది. పక్కన నేనే ఉన్నాను. ఏడుపు రాలేదు. దాని దుప్పటి మడిచి, బస్సెక్కి వచ్చి, మర్నాడు పిల్లలకి ఎక్కాలు చెప్పాను. మనిషినా మానునా అని ఇప్పటికీ తిట్టుకుంటాను.

డిసెంబరులో వార్డెన్‌గారు నన్ను పక్కకి పిలిచారు.

"ఒల్యాకి ఈ కాగితం తప్ప ఇంకో దిక్కు లేదటండీ. పండగ పూట ఈ కబురెలా చెబుతామండీ? ఈసారికి ఎవరిదో ఒక చెయ్యి గీసి పంపించేయండి. తర్వాత నెమ్మదిగా చెబుదాం."

నాకు మనసొప్పలేదు. అయినా సరేనన్నాను. కొత్తగా చేరిన మేరీని పట్టపగలు వరండాలో కూర్చోబెట్టి, దాని ఎడమ చెయ్యి చుట్టూ నేనే గీశాను. వేళ్ళన్నీ తిన్నగా వచ్చాయి. సుజాత పేరు రాసి, కవరు అంటించి, పోస్టాఫీసులో ఇచ్చిందీ నేనే.

ఫిబ్రవరిలో జవాబు వచ్చింది. అక్కడి టీచరు ఇంగ్లీషులో రాసిన ఉత్తరం, ఒక ఫోటో. ఒల్యా అడుగుతోందట: సుజాత చిటికెన వేలు వంగిపోయిందేం? ఇంకా నొప్పిగా ఉందా?

ఫోటోలో ఒల్యా ఆ కాగితం పట్టుకుని నించుంది. పేరు నా చేతిరాతే. చిటికెన వేలు మాత్రం కొసన లోపలికి వంగి ఉంది.

పోవడానికి రెండు నెలల ముందు, జూన్‌లో, సుజాత ఎడమ చేతి చిటికెన వేలు తలుపు సందులో నలిగింది. కట్టు విప్పేసరికి అచ్చం అలాగే వంగిపోయింది. ఆ సంగతి ఉక్రెయిన్‌కి ఎవరూ రాయలేదు.

నేనే సరిగ్గా చూడలేదేమో అని మేరీ చెయ్యి మళ్ళీ గీశాను. ఆరుసార్లు గీశాను. ఆరుసార్లూ తిన్నగానే వచ్చింది. వార్డెన్‌గారు ఫోటో చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశారు.

"ఏం రాయమంటారండీ?" అని అడిగాను.

"మీకేది తోస్తే అది రాయండమ్మా," అన్నారు.

ఇది ఎలా జరిగిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఎవరైనా చెబితే వింటాను.

ఆ రోజే అక్కడి టీచరుకి జవాబు రాయడానికి కూర్చున్నాను. సుజాత ఆగస్టులోనే పోయిందని రాశాను. నేను గీసింది మేరీ చెయ్యి అని, అక్కడికి చేరింది ఎవరి చెయ్యో తెలియదని రాశాను. కానీ ఒల్యా అడిగింది అది కాదు కదా. అందుకని కింద, వేలు ఇప్పుడేమీ నొప్పిగా లేదని కూడా రాశాను.