లెక్కలో మా బాపు పేరు

నా చిన్నప్పుడు, నేను నాలుగో తరగతిలో ఉండగా, మా ఊరి జనాభా లెక్క రాసే పని మా బడి సారుకు పడింది. మధ్యాహ్నం బడి విడిచాక ఆయన చంకలో పెద్ద కాగితాల కట్ట పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. ఆ కట్ట మా వాడకు రావడానికి వారం ముందే దాని భయం వచ్చింది.

మా ఊరు పూర్తిగా పల్లె కాదు, పట్నం అంతకన్నా కాదు. కమాన్‌పూర్ వైపు పోయే తోవలో ఒక బొగ్గుగని చుట్టూ పెరిగిన చిన్న ఊరు. గనిని మావాళ్లు బాయి అంటారు. బాయికి ఒక పక్క పాత ఊరు. అందులో ఉన్నవాళ్ల చెలక భూములు బాయి కిందికి పోయాయి, వాళ్లూ బాయి పనికే పోయారు. ఇంకో పక్క కంపెనీ క్వార్టర్లు. ఈ రెంటి మధ్య, గోదావరి ఆవలి నుంచీ ఈవలి నుంచీ బతకడానికి వచ్చిన మాలాంటి వాళ్ల గుడిసెలు. బంగళాల్లో ఉండే ఇంజనీర్లూ, మందుల దుకాణమూ కిరాణా దుకాణమూ నడిపేవాళ్లూ కోస్తా నుంచి వచ్చినవాళ్లు. దర్జీ, మంగలి, కల్లు అమ్మే ఆమె, హోటలు పెట్టిన ఆయన అందరూ బాయిలో దిగి ఎక్కేవాళ్ల మీదే బతికేవారు. షిఫ్టు వదిలిన కూత వినబడితేనే హోటల్లో పొయ్యి మండేది. సమ్మె జరిగితే మంగలి కూడా పస్తుండేవాడు.

ఆ ఊళ్లో చాలామంది మగవాళ్లకు రెండు పేర్లుండేవి. ఇంట్లో ఒకటి, బాయిలో ఒకటి. పనికి కుదిరేటప్పుడు ఎవరి పేరు రాశారో ఆ మనిషి దిగలేకపోతే తమ్ముడో, బామ్మర్దో, ఊరివాడో ఆ పేరు మీద దిగేవాడు. హాజరు పిలిచినప్పుడు ఆ పేరుకు పలికితే చాలు. తెలియని వాళ్లు లేరు, పైకి చెప్పేవాళ్లూ లేరు. చెబితే పని పోతుంది.

మా ఇంట్లో కథ ఇదే, కానీ ఇంకొంచెం బరువైనది. బాయిలో పేరు రాయించుకున్నది మా పెద్దనాన్న. పెళ్లి కూడా కాలేదు ఆయనకు. రెండు నెలలు దిగాడు. పచ్చకామెర్లు వస్తే సొంతూరికి తీసుకుపోయారు, అక్కడ పోయాడు. పేరు పోతే పని పోతుంది, పని పోతే మళ్లీ దొరకదు. అందుకని ఇంటి పెద్దలు ఆ చావు బయటికి రానివ్వలేదు. డప్పు లేకుండా, చుట్టాలకు కబురు లేకుండా మట్టి చేశారు. మా అవ్వను, అంటే మేం బాపు అని పిలిచే మా నాన్న తల్లిని, గొంతెత్తి ఏడవవద్దన్నారు. నెల తిరగకముందే మా బాపు అన్న పేరు మీద బాయిలో దిగాడు.

ఆ తర్వాత రోజూ ఏదో ఒక షిఫ్టుకు మా బాపు తోటివాళ్లు వచ్చి తడక ముందు నిలబడి ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. లోపల పొయ్యి దగ్గరో, రోలు దగ్గరో ఉన్న అవ్వ చేతిలో పని ఆగిపోయేది. బాపు "ఆఁ, వస్తున్న" అని పలికేవాడు. అప్పుడు మళ్లీ పని సాగేది. నాకు తెలిసినప్పటి నుంచీ అవ్వ అలాగే ఉంది. ముసలితనం వల్ల అనుకునేదాన్ని.

లెక్కలు రాస్తారని తెలియగానే వాడలో మగవాళ్లు గుసగుసలాడుకున్నారు. రాసుకున్న కాగితాలన్నీ కంపెనీ ఆఫీసుకే పోతాయని ఎవరో పుకారు పుట్టించారు. లెక్క మా ఇంటికి వచ్చే ముందు రోజు సాయంత్రం బాపు అవ్వనూ నన్నూ కూర్చోబెట్టి ఏం చెప్పాలో నేర్పాడు. ఇంట్లో ఉన్నది పెద్దకొడుకు, బాయిలో పని. చిన్నకొడుకు బతుకపోయాడు, అంటే పని వెతుక్కుంటూ ఊరు విడిచాడు, ఎక్కడున్నాడో తెలియదు. "అవ్వ మరిస్తే నువ్వు జెప్పాలె" అని నాతో ప్రత్యేకంగా అన్నాడు. నేను బడిలో ఎక్కాలు తప్పులేకుండా అప్పజెప్పే పిల్లను. ఇదీ రెండుసార్లు అప్పజెప్పి చూపించాను. చిన్నకొడుకైన తాను ఇంట్లో లేనని తన బిడ్డ నోటి నుంచి వింటూ బాపు తల ఊపడం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ఆ వయసులో నాకు అందులో మెప్పు మాత్రమే కనిపించింది.

మర్నాడు సారు వచ్చాడు. బాపు మొదటి షిఫ్టు. అమ్మ కూలికి పోయింది. తమ్ముడు నిద్రపోతున్నాడు. ముందు పక్కింట్లో రాశాడు. పక్కింటి అక్క నోరు పెద్దది.

"మా ఇంట్ల ఏడుగురం సారు, కోడిపుంజును గూడ రాసుకో, ఇంటాయినకంటె అదే జల్ది లేస్తది."

"కోడికి ఇంకా గళ్లు వేయలేదమ్మా, వచ్చేసారి చూద్దాం" అన్నాడు సారు. కోస్తా నుంచి వచ్చిన దుకాణందారు కొడుకు ఆయన. మా మాటలు అర్థమయ్యేవి కానీ మాట్లాడితే ఆయన మాటే వచ్చేది.

మా అరుగు మీద కూర్చున్నాక అవ్వ కూడా సరదాగానే మొదలుపెట్టింది. "ఏంది సారు, బడిల పొల్లగాండ్ల లెక్క సాల్తలేదా, ముసలోళ్ల లెక్క గూడ పట్టుకున్నవ్?"

"ముసలివాళ్లు బడికి రారు కదవ్వా. అందుకే నేనే వచ్చాను."

అవ్వ నవ్వింది. కులం, మతం, చదువు, ఎప్పుడు వచ్చారు, ఎందుకు వచ్చారు అన్నిటికీ చెప్పింది. ఇంటి పెద్దగా ఆమెనే రాశాడు. తర్వాత ఆయన తల ఎత్తకుండా, అందరినీ అడిగినట్టే అడిగాడు. "మీకు మొత్తం ఎంతమంది పిల్లలు పుట్టారవ్వా? వాళ్లలో ఇప్పుడు బతికున్నది ఎంతమంది?"

బాపు నేర్పినవాటిలో ఈ ప్రశ్న లేదు. సారు తల ఎత్తి చూశాడు. అవ్వ నోరు తెరిచి మళ్లీ మూసింది. మరిచిపోయిందనుకున్నాను. నా వంతు వచ్చిందనుకుని లేచి నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాను.

"ఇద్దరు సార్. ఇద్దరు బతికే ఉన్నరు. పెద్దాయిన బాయిల పనిజేస్తడు, చిన్నాయిన బతుకపోయిండు."

అవ్వ నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఎవరో పరాయి పిల్లను చూసినట్టు చూసింది. తర్వాత సారు వైపు తిరిగి, చాలా మెల్లగా అంది.

"ఒక్కడే సారు. పెద్దోడు సచ్చిపోయిండు. ఇన్నేండ్లాయె. ఎవలికి జెప్పనియ్యలే, ఏడ్వనియ్యలే."

సారు కాగితం మీద పుట్టినవాళ్లు ఇద్దరని, బతికున్నది ఒక్కరని రాశాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను, ఆ అంకెలు చూశాను. అక్కడితో ఆ గళ్లు అయిపోయాయి. ఆయన ఆగలేదు. "ఇంకొన్ని రాయాలవ్వా" అని పెన్ను అలాగే పట్టుకుని అడుగుతూ పోయాడు. అబ్బాయి పొడుగా, పొట్టా? నెమ్మదస్తుడా? ఏం తినేవాడు? బాయిలో మొదటిరోజు దిగి వచ్చి ఏమన్నాడు?

అవ్వ చెప్పింది. మొదట ఒక్కొక్క మాటగా, తర్వాత ఆపకుండా. గడపకు తల తగిలేంత పొడుగట. మొండివాడట. జొన్నరొట్టె కాలుతుండగానే పెనం మీది నుంచి లాక్కునేవాడట. "మొదటి దినం దిగొచ్చి, అవ్వా, లోపట వానలెక్క పడుతది తెలుసా, మీద మబ్బులు మాత్రం లేవు అన్నడు సారు. నేను నమ్మలే. అబద్దాలాడుతున్నవ్‌రా అని కసిరిన." అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. గొంతెత్తే ఏడ్చింది. పక్కింటి అక్క పరుగున వచ్చి, తడక దగ్గరే నిలబడిపోయింది.

నాకు చదవడం వచ్చు. ఆ కాగితంలో పొడుగుకూ, రొట్టెకూ, వానకూ గళ్లు లేవు. సారు పెన్ను కాగితానికి వేలెడు పైన కదులుతోంది తప్ప సిరా పడడం లేదు. ఆయన రాస్తున్నట్టు చేస్తున్నాడు, అంతే. నేను నోరు తెరవబోయాను. సారు ఒక్కసారి నా కళ్లలోకి చూశాడు. నేను కూర్చున్నాను.

ఈలోగా షిఫ్టు వదిలారు. వాడ చివర ఎవరో గట్టిగా బాపును పిలిచారు, పెద్దనాన్న పేరుతోనే. "రేపు జల్ది రావాలె, మర్వకు!" బాపు గొంతు "ఆఁ" అంది. అవ్వ ఏడుపు మధ్యలో ఆగిపోయింది.

బొగ్గుమసి మొఖంతో లోపలికి వచ్చిన బాపు ఒక్క చూపులో అంతా గ్రహించాడు. "ఏం జెప్పినవే అవ్వా?" అన్నాడు. ఆయనా తల్లిని అవ్వా అనే పిలిచేవాడు.

"ఉన్నదే జెప్పిన బిడ్డా."

బాపు గడప మీద కూలబడ్డాడు. సారు కంటే పెద్దవాడు, అయినా చేతులు జోడించాడు. "మా కడుపు గొట్టకుండ్రి సారు. ఐదు పానాలున్నయ్ ఇంట్ల."

"ఇది కంపెనీకి పోయే కాగితం కాదండి. ఇందులో ఉన్నది బయట ఎవరికీ చెప్పకూడదు, చెబితే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు సారు. కాగితం ముందుకు జరుపుకుని, "మీ పేరు ఇంకా రాయలేదు. బాయిలో ఏమని పిలుస్తారో నాకు అక్కర్లేదు. మీ అమ్మ ఏమని పిలుస్తుందో చెప్పండి."

బాపుకు నమ్మకం కుదరలేదని నాకు కూడా తెలుస్తోంది. చెబితే ఐదుగురి అన్నం మీద ప్రమాదం. చెప్పకపోతే ఇప్పుడే ఏడ్చిన తల్లి మాట అబద్ధమవుతుంది. అవ్వ ఆయన్ని బతిమాలలేదు, కళ్లు తుడుచుకుంటూ ఎటో చూస్తోంది. చివరికి చెప్పాడు, తన పేరు. ఆయన నోట ఆ పేరు వినడం నాకు అదే మొదటిసారి. సారు దాన్ని మెల్లగా, గుండ్రంగా రాశాడు. ఈసారి సిరా పడింది.

ఆ సాయంత్రం నాకు తల దువ్వుతూ అవ్వ, "నువ్వు మంచిగనే జెప్పినవ్ బిడ్డా, మేం నేర్పిందే గద" అంది. తిట్టి ఉంటే మరిచిపోయేదాన్నేమో. నేర్పింది నేర్పినట్టు చెప్పడం ఒక్కోసారి ఎదుటి మనిషిని ఎంత గాయపరుస్తుందో నాకు అప్పుడే కొద్దిగా తెలిసింది.

చాలా నెలలు బాపు భయంతోనే బతికాడు. సంచి తగిలించుకున్న కొత్త మనిషి వాడలోకి వస్తే లేచి నిలబడేవాడు. ఎవరూ రాలేదు. సారు మాట నిలబెట్టుకున్నాడు. అవ్వ మాత్రం ఆ రోజు నుంచి పెద్దనాన్న సంగతులు మాకు చెప్పడం మొదలుపెట్టింది. చనిపోయేదాకా చెబుతూనే ఉంది.

బాపు అన్న పేరు మీదే రిటైరయ్యాడు, అన్న పేరు మీదే పోయాడు. కాగితాల ప్రకారం మా పెద్దనాన్న ముసలివాడై, దగ్గుతో మరణించాడు. మా తమ్ముడు తాను ఎవరి కొడుకో రుజువు చేసుకోవడానికి కొన్నేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, విసిగి మానేశాడు. బాపు సొంత పేరుతో సర్కారు రాసుకున్న కాగితం, నాకు తెలిసి, ఆ లెక్క ఒక్కటే. దాన్ని ఎవరికీ చూపించరు. ఏ పనికీ అది సాక్ష్యం కాదు.

నేనూ టీచరునై అదే ఊళ్లో పనిచేశాను, అలాంటి కట్ట చంకలో పెట్టుకుని అవే వాడలు తిరిగాను. బాయి మూసేశారు. పాత ఊరు సగం, నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గని గుంతలోకి పోయింది, మిగిలిన సగానికి ఎదురుగా మట్టిగుట్టలు లేచాయి. కోస్తా వాళ్ల దుకాణాలు ఒక్కొక్కటీ గోదావరిఖనికి తరలిపోయాయి. క్వార్టర్లు చాలావాటికి తాళాలు. తాళాలు లేనివాటిలో వేరే రాష్ట్రాల నుంచి కాంట్రాక్టు పనికి వచ్చిన కుర్రవాళ్లు, ఒక్కో గదిలో ఎనమండుగురు. నేను చదివిన బడిలో పిల్లలు చాలక దాన్ని పక్క ఊరి బడిలో కలిపారు. కాగితంలో గళ్లు నిండాక కూడా నేను వెంటనే లేచేదాన్ని కాదు. కుర్రవాళ్లను వాళ్ల ఊరు ఎలా ఉంటుందో అడిగేదాన్ని. ఒంటరి ఆడవాళ్లను ఇంతకుముందు ఇంట్లో ఎవరెవరు ఉండేవారో అడిగేదాన్ని. చాలామంది అప్పటికే నన్ను కూర్చోమని పీట వేసేవారు.

మొన్న మిగిలిన ఇళ్లు ఖాళీ చేయించే సర్వే కోసం ఒక పిల్లవాడు వచ్చాడు. ఫోను తెరిచి, మర్యాదగా, "అమ్మా, మీ వాడలో ఎంతమంది ఉంటరు?" అని అడిగాడు. తెలిసిన సంఖ్యే, పదిలోపే. అయినా నా నోట వెంటనే రాలేదు. పోయినవాళ్లూ, వెళ్లిపోయినవాళ్లూ, వేరే పేరుతో బతికినవాళ్లూ ముందు గుర్తుకొస్తారు. అతను ఓపికగానే నిలబడ్డాడు. నేను అతనికి కుర్చీ చూపించి, కూర్చో బిడ్డా, చెబుతాను అన్నాను.