హీరో వెనక నిలబడినవాళ్ళు

మా చిన్నమ్మకు సినిమా కథలతో పని లేదు. ఎవరు ఎవర్ని ప్రేమించారు, ఎవరి ఆస్తి ఎవరు కాజేశారు, ఆఖరికి ఎవరు ఎవరి కాళ్ళ మీద పడ్డారు, ఇవేవీ ఆమెకు పట్టవు. నలుపు తెలుపు సినిమా అయితే చాలు, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంటుంది. హీరో కన్నీళ్ళు కారుస్తూ పెద్ద డైలాగు చెబుతుంటే, ఈయప్ప రవంత పక్కకు జరిగితే బాగుండు అని విసుక్కుంటుంది. ఆయన వెనక నిలబడిన జనం సరిగ్గా కనబడటం లేదని ఆమె బాధ.

చిన్నమ్మ అంటే మా నాయన రెండో భార్య. నన్ను కన్న తల్లి నాకు మాటలు కూడా రాని వయసులో జ్వరమొచ్చి పోయింది. ఏడాది తిరక్కముందే మా నాయన నాగరగెరె నుంచి చిన్నమ్మను చేసుకొచ్చాడు. అప్పట్లో మేము కర్ణాటకలో చింతామణికీ బాగేపల్లికీ నడుమ ఒక పల్లెలో సేద్యం చేసుకుని బతికేవాళ్ళం. తర్వాత చింతామణిలో ఇల్లు కట్టుకున్నాం. నేను చిక్కబళ్ళాపురం సర్కారీ హైస్కూల్లో పిల్లలకు కన్నడం పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి తెలుగులో తిట్టి, ఈ మధ్యే రిటైరయ్యాను. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి చింతామణికి వస్తాను. సాయంత్రం దాకా చిన్నమ్మతో కలిసి పాత సినిమాలు చూస్తాను. చూసేది తక్కువ, ఏరేది ఎక్కువ.

మా అమ్మ ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆ కాలంలో మా పల్లెల్లో పెండ్లికి ఫోటో తీసేవాణ్ణి ఎవరు పిలిచారు గనక. తర్వాత తీరిగ్గా తీయించుకోవచ్చులే అనుకునే లోపల మనిషే లేకుండా పోయింది. అయితే ఆమె ఒక సినిమాలో ఉంది. ఈ సంగతి చెప్పింది మా మేనత్త. మా ఊరి దగ్గర గుండ్ల కొండ కింద ఒకసారి షూటింగు జరిగిందట. జాతర సీనుకు జనం కావాలని చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళను రమ్మన్నారట. మేనత్త పోయింది, అమ్మ కూడా నన్ను చంకనేసుకుని పోయింది. పొద్దుగూకేదాకా ఎండలో నిలబెట్టి, తలా ఒక పొట్లం చిత్రాన్నం చేతిలో పెట్టి పంపించారట.

సినిమా పేరేమిటత్తా అంటే ఆమెకు తెలియదు. హీరో ఎవరంటే, వీపు మాత్రమే కనబడింది అంది. పోనీ తెలుగు సినిమానా, కన్నడం సినిమానా అని అడిగాను. అత్త చాలాసేపు ఆలోచించి, వాళ్ళు మాట్లాడింది అర్థమైందమ్మా, అంతే అంది. మా వైపు జనంతో వచ్చే తంటా ఇదే. ఇంట్లో ఒక భాష, ఆఫీసులో ఒక భాష, అంగట్లో రెండూ. ఏ మాట ఏ భాషలో విన్నామో మాకే గుర్తుండదు. ఇంకెవరైనా అయితే ఒక భాష సినిమాలు గాలిస్తే సరిపోయేది, మాకు రెండు భాషలవీ గాలించాల్సి వచ్చింది. ఆ పొద్దు అమ్మ చిలకపచ్చ చీర కట్టుకుందని మాత్రం అత్త ఒట్టేసి చెప్పింది. నలుపు తెలుపు సినిమాలో చిలకపచ్చ ఎట్లా తెలుస్తుందత్తా అంటే నామీద కోప్పడింది. ఇప్పుడు ఆ అత్త కూడా లేదు.

ఊళ్ళో ముసలమ్మలను అడిగి చూశాను. అమ్మ తెల్లగా ఉండేదని ఒకామె, చామనఛాయ అని ఒకామె. ఇంకొకామె నా ముఖంలోకి చూసి, అచ్చం నీ మాదిరే ఉండేది అంది. ఆ మాట అంటే నేను సంతోషపడి ఇంటికి పోతానని ఆమెకు తెలుసు. నేనూ అట్లాగే పోయాను.

నిజానికి ఈ వెతుకులాట మొదలుపెట్టింది నేను కాదు, చిన్నమ్మ. మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. భార్య పోయినవాడు మళ్ళీ పెండ్లి చేసుకుంటే, పోయినామె పేరు మీద చిన్న బంగారు బిళ్ళ చేయించి కొత్త పెండ్లికూతురి తాళి పక్కన కడతారు. పోయినామెకు కోపం రాకూడదని. చిన్నమ్మ ఆ బిళ్ళతోనే మా ఇంట్లో అడుగు పెట్టింది. తాను ఎన్నడూ చూడని మనిషిని ఆనాటి నుంచీ అక్క అనే పిలుస్తుంది. పాలు పొంగిపోతే, అక్కా తప్పయిపోయింది అనేది. నాకు జ్వరమొచ్చి ఒళ్ళు కాలితే పొయ్యి దగ్గర నిలబడి, తాను ఏమేం మందు వేసిందో, ఏం పథ్యం పెట్టిందో ఎవరికో వివరంగా చెప్పుకునేది. మా వంటింట్లో ఇంకొకామె ఉందనే నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. తలుపు వెనక తొంగి చూసేదాన్ని. ఎవరూ ఉండరు. ఎవరూ లేరంటే భయం పోవాలి గదా, నాకు ఇంకా ఎక్కువయ్యేది.

పెద్దల అమావాస్యకు పోయినవాళ్ళకు కొత్త బట్టలు పెడతాం. తాత ఫోటో ముందర పంచె, అవ్వ ఫోటో ముందర చీర. అమ్మ చీర మాత్రం చెంబు ముందర. చెంబుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, పూలు చుట్టి చిన్నమ్మ దండం పెట్టుకునేది, నాతో పెట్టించేది. అమ్మ అంటే నాకు ఇన్నేళ్ళూ ఒక ఇత్తడి చెంబు.

ఎందుకు నీకింత పట్టుదల, కన్నకూతురినైన నాకే లేదే అని ఒకసారి చిన్నమ్మను ఎగతాళి చేశాను. ఆమె నవ్వలేదు.

"అక్క కల్లోకి వస్తాదమ్మా. వచ్చి వాకిట్లో నిలబడతాది. మొగం మాత్రం ఇట్ల తిప్పదు. నీ బిడ్డను బాగా చూసుకుంటినా లేదా అని ఒక్క మాట అడగల్ల. వీపును చూసి ఏమని అడిగేది?"

ఆ తర్వాత నేను ఎగతాళి మానేశాను. ఆదివారం బస్సు మాత్రం మానలేదు.

సినిమా ఏరడంలో ఆమెకు ఒక లెక్క ఉంది. మొదట్లోనే బంగళా, మేడ మెట్లు, పియానో కనబడితే, ఇది మదరాసు సినిమా, మార్చు అంటుంది. దేవుళ్ళు పొగలోంచి నడిచొస్తే అదీ వద్దు. ఎద్దుల బండి కనబడితే కాస్త ఆగుతుంది. డప్పు మోగి జాతర మొదలైందంటే ఇక రెప్ప వేయదు, మనల్ని వేయనివ్వదు. ముందరి రోజుల్లో టీవీ మన మాట వినేది కాదు. ఒక ఆడమనిషి ఇటు తిరిగేలోపల బొమ్మ మారిపోయి హీరో వచ్చేసేవాడు. మళ్ళీ ఆ సినిమా ఎప్పుడు వేస్తారో అని ఏళ్ళ తరబడి కాచుకునేవాళ్ళం. ఇప్పుడు నేను కొన్న కొత్త టీవీలో కావలసిన సినిమా పెట్టుకోవచ్చు, కావలసిన చోట ఆపుకోవచ్చు. జాతర మధ్యలో ఆపేస్తే ఆ జనమంతా నోళ్ళు తెరుచుకుని మన వైపు చూస్తూ ఉండిపోతారు. వాళ్ళలో సగం మందైనా ఇప్పుడు లేరు గదా అనిపించి, నేనే మళ్ళీ నడిపించేదాన్ని.

ఊళ్ళో ముసలమ్మలూ, అమ్మ పుట్టింటివాళ్ళూ పోయాక, అమ్మ ముఖం చూసి గుర్తుపట్టి చెప్పగల మనిషి మా నాయన ఒక్కడే మిగిలాడు. ఆయనేమో పాత సినిమా పెట్టగానే చెప్పులు వేసుకుని టీ అంగడికి పోతాడు. ఆయన దుఃఖం ఇంకా తీరలేదని మేమిద్దరం అనుకునేవాళ్ళం. ఆయన మనసులో అక్క ఉండాది, ఇంట్లో నేనుండాను అని చిన్నమ్మ ఒకసారి నవ్వుతూనే అంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

పోయిన ఏడాది చలికాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక కన్నడం సినిమా పెట్టాం. ఏముందిలే అనుకుంటూ నేను అనపకాయలు ఒలుస్తున్నాను. చిన్నమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. టీవీలో ఆ గుండ్ల కొండ. మా పల్లెకు పోయే బస్సులోంచి కనబడే కొండే, పైన ఒక గుండు మీద ఇంకో గుండు. దాని కింద జాతర. బొమ్మ ఆపాను. గుంపులో చంకన బిడ్డ ఉన్న ఆడవాళ్ళు ముగ్గురు కనబడ్డారు. చిన్నమ్మ టీవీకి ముఖం ఆనించేంత దగ్గరికి పోయింది. దగ్గరికి పోతే అంతా చుక్కలే.

నేను టీ అంగడికి పోయి నాయనను పిలుచుకొచ్చాను. ఆయన గడప దగ్గరే నిలబడి చూశాడు. చిన్నమ్మ ముగ్గురినీ ఒక్కొక్కరిగా చూపించింది. ఆ చివర, పక్కనున్న ఎవరితోనో నవ్వుతున్న మనిషి దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ఈమేనా అండీ అని అడిగింది. ఆమె గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. నాయన చాలాసేపు చూసి "ఊ" అన్నాడు. అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి ఆ బొమ్మ పటమై గోడెక్కింది. స్టూడియోవాడు చుక్కలన్నీ నున్నగా దిద్ది ఇచ్చాడు. చిన్నమ్మ పూలు పెట్టింది, దీపం పెట్టింది. నేను పటం ముందర నిలబడ్డాను. అద్దంలో నా ముక్కు చూసుకుని వచ్చి మళ్ళీ నిలబడ్డాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఎవరింటికో పేరంటానికి పోయి, వాళ్ళ గోడ మీది పటం చూసినట్టు ఉంది. నామీద నాకే రోత పుట్టింది.

ఆ సాయంత్రం నాయన నాతో బస్టాండు దాకా నడిచొచ్చాడు. దారిలో అడిగేశాను, నిజంగా అమ్మేనా అని. ఆయన బస్సు వచ్చే వైపు చూస్తూ చెప్పాడు.

"మీ అమ్మ మొగం నాకు గ్యాపకం లేదమ్మా. ఆ గ్యాపకం యెప్పుడు పోయిందో గూడా తెలీలేదు. తల్చుకుంటే మీ చిన్నమ్మే వస్తాది. ఆ పచ్చ చీర కట్టుకోని, నిన్నెత్తుకోని, మీ చిన్నమ్మే నిలబడుకోని ఉంటాది."

మరి ఊ అని ఎందుకన్నావు నాయనా అంటే, కాదనాలన్నా తెలిసుండల్ల గదా అన్నాడు. ఆయన సినిమాలకు ఎందుకు దూరంగా పోయేవాడో అప్పుడు అర్థమైంది. ఎక్కడ అడుగుతామోనని భయపడి పోయేవాడు.

బస్సులో నా పక్కన నా ఈడు ఆడమనిషి కూర్చుంది. దారి పొడుగునా ఆమెనే చూశాను. ఆ పటంలో చంకన ఉన్న బిడ్డ ఈమె అయినా కావచ్చు. ఈమె తల్లి ఈ పాటికి ఏ బాగేపల్లిలోనో అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ ఉండవచ్చు. మా ఇంట్లో ఆమెకు దీపం వెలుగుతోంది, అమావాస్యకు చీర కూడా పెడతారు. 

మరుసటి ఆదివారం చిన్నమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. దాచాలనిపించలేదు. బతుకంతా ఆమె రెండోదాన్నని అనుకుంటూ బతికింది. నాయన తలలో ఉన్నది నువ్వే, మొదటినుంచీ నువ్వే అంటే ఆమె మనసు చల్లబడుతుందనుకున్నాను. ఆమె స్టవ్ ఆపేసింది. కిందనే కూలబడింది. అక్కణ్ణుంచే అడిగింది.

"ఆయన తలకాయలో గూడా నేనే నిలబడుకోనుంటే, పాపం అక్క యాడికి పోవల్లమ్మా?"

 ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను. ఇంక అమ్మకు రావడానికి నా దగ్గర తప్ప చోటు లేదు. నన్ను చూస్తే ఆమె గుర్తుపడుతుందేమో. ఆమెను చూస్తే మాత్రం నేను గుర్తుపట్టలేను.