జీతం పెంచమంటే ప్రార్థన చేసేవారు

పద్మారావు నగర్‌లోని ఆ స్కూల్లో నన్ను రిసెప్షన్ కోసం తీసుకున్నారు. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే ఆ తర్వాత దాన్ని అక్కడ అందరూ మర్చిపోయారు, నన్ను తీసుకున్న కరస్పాండెంట్ గారితో సహా. వచ్చినవాళ్లకు కుర్చీ చూపించడం, ఫోనెత్తడం, అంతే పని. ఆర్నెల్లు తిరక్కుండా ఫీజు కౌంటర్లో కూర్చునే అమ్మాయి మానేసింది. "కొన్ని దినాలు మీరే చూస్కోండి సిస్టర్" అన్నారాయన. ఆ కొన్ని దినాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. బస్సుల సంగతి చూసే మనిషి ఆయనతో పోట్లాడి వెళ్లిపోతే ఆ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు. చర్చిలో కీబోర్డు వాయిస్తానని ఎవరు చెప్పారో గానీ, పొద్దున అసెంబ్లీ పాటకు నన్నే కూర్చోబెట్టారు. గంట కొట్టే ప్యూను రిటైరయ్యాడు. కొత్తవాణ్ణి పెట్టుకోవాలి కదా? ఎందుకు పెడతారు, నేనున్నాను కదా. ఆ సుత్తి వచ్చి నా టేబుల్ సొరుగులో చేరింది.

మారేడ్‌పల్లిలో కరస్పాండెంట్ గారికి రెండంతస్తుల ఇల్లు, కారు, చర్చి కమిటీలో ముందు వరసలో కుర్చీ. మాది రాంగోపాల్‌పేట్‌లో రెండు గదుల అద్దె వాటా. మా నాన్న గుంటూరు వైపు నుంచి ఇక్కడికి టీచరుగా వచ్చాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఆదివారం చర్చిలో కనిపిస్తే ఆయన "వందనాలు సిస్టర్" అని రెండు చేతులూ జోడిస్తారు. సోమవారం పొద్దున అదే నోటితో, పిల్లల తల్లిదండ్రుల ముందు, నా మీద కేకలేస్తారు.

జీతం పెంచమని మొదటిసారి అడిగినప్పుడు ఆయన చిరాకు పడలేదు. నవ్వారు. మా అమ్మాయి అదే స్కూల్లో సగం ఫీజుకు చదువుతున్న సంగతి గుర్తు చేశారు. "అది సుత జీతమే గద సిస్టర్" అని, వెంటనే "ప్రార్థన చేద్దాం" అని కళ్లు మూసుకున్నారు. మాలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లు ఆ మాట వినగానే ఏం చేస్తారో నేనూ అదే చేశాను. కొంగు తల మీదికి లాక్కుని తల వంచాను. ఈ బిడ్డకు ఓర్పునిమ్ము, తృప్తినిమ్ము, ఆశల నుండి తప్పించుము అని ఆయన ప్రార్థించారు. నేను ఆమెన్ అన్నాను. ఆ తర్వాత ఇంకేం మాట్లాడతాం? మా ఇళ్లలో ఏ సంగతైనా ప్రార్థనతో ముగిసిందంటే ముగిసినట్టే. ఆమెన్ అన్నాక మళ్లీ నోరు తెరిస్తే దేవుడితో పేచీ పెట్టుకున్నట్టు చూస్తారు. రోడ్డు మీదికి వచ్చేదాకా నాకు తట్టనే లేదు, నా జీతం పెంచొద్దని ఆయన ప్రార్థిస్తే దానికి నేనే ఆమెన్ అన్నానని.

రెండో ఏడాదీ ఇదే వరస. ఆ ఏడు ప్రార్థన ఇంకాస్త పొడుగు.

మూడో ఏడాదికి అమ్మాయి పదో తరగతికి వచ్చింది. మార్చితో సగం ఫీజు ముచ్చట తీరిపోతుంది. జూన్ నుంచి ఇంటర్. ఎంపీసీ చదువుతానని పిల్ల మొండికేసింది, చదవగలదు కూడా. కాలేజీ వాళ్లు నెలనెలా కట్టుకోవచ్చన్నారు, నెలకు ఐదు వేలు. మా ఆయన జీతం అద్దెకూ మా అత్తగారి మందులకూ సరి. ఆ ఐదు వేలు నా జీతంలో పెరగాలి, లేదంటే పిల్ల ఇష్టంలేని కోర్సులో చేరాలి. ఇంక మూడో దారి లేదు.

అడగడానికి మంచి రోజు కోసం చూస్తున్నాను. మంచి రోజు రాలేదు గానీ, ఏప్రిల్లో ఒక పొద్దున ఒకటో తరగతి పిల్లాడు నా టేబుల్ దగ్గర వాంతి చేసుకున్నాడు. వాడి నుదురు ఒక చేత్తో పట్టుకున్నాను. బస్సు పంక్చరయిందని డ్రైవరు ఫోన్లో అరుస్తున్నాడు, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించాను. కౌంటర్ ముందు ఇద్దరు తండ్రులు రసీదు కోసం నిలబడ్డారు. రెండో పీరియడ్ గంట ఏడు నిమిషాలు ఆలస్యమైంది. ఆయన గదిలోంచి ఊడిపడ్డారు.

"ఏందీ సిస్టర్, గంట కొట్టనీకి సుత మీకు ఒకరు గుర్తు చెయ్యాల్నా? గిట్లయితే స్కూలెట్ల నడుస్తది?"

ఆ ఇద్దరు తండ్రులూ నా వైపే చూస్తున్నారు. నా చీర మీద వాంతి. ఒళ్లు మండిపోయింది. అయినా సిగ్గులేనిదానిలా వెళ్లి గంట కొట్టాను.

మా స్కూలు ఆయా నేల తుడుస్తూ అన్నీ చూసింది. ఆమె మా మతం మనిషి కాదు, ప్రతి మంగళవారం గుడికి పోతుంది. నోరు మాత్రం నా కంటే పది రెట్లు పెద్దది. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని కూర్చున్నప్పుడు, జీతం అడగాలనుకుంటున్నానని ఆమెతో అన్నాను.

"మల్లనా? ప్రతీసారి జూస్తున్న గద మేడం. లోపలికి పోతవ్, కండ్లు మూస్తవ్, ఒట్టి చేతుల్తోని బయటికొస్తవ్."

"ప్రార్థన చేస్తుంటే మధ్యలో ఎట్లా మాట్లాడతాను?"

"మధ్యల మాట్లాడుడెందుకు? గాయన జేసే ప్రార్థన నీకు రాదా ఏంది? చిన్నప్పటి సంది జేస్తలేవా?"

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఓరి దేవుడా, ఇన్నేళ్లూ ఇది నాకెందుకు తట్టలేదు!

మర్నాడు సాయంత్రం స్కూలు వదిలాక ఆయన గదిలోకి వెళ్లాను. హెడ్మిస్ట్రెస్ అయిన ఆయన భార్య కూడా పక్క కుర్చీలో ఉన్నారు. తలుపుకు కర్టెన్, కర్టెన్ వెనక వరండా ఊడుస్తున్న ఆయా. నేను విషయం చెప్పాను. ఆయన ఎప్పటిలాగే నవ్వారు.

"జెర ఓపిక పట్టాలె సిస్టర్. ఈ ఏడు అడ్మిషన్లు తక్కువున్నయ్. ప్రార్థన చేద్దాం."

"చేద్దాం సార్. ఈసారి నేను చేస్తాను."

ఆయన జవాబిచ్చేలోపే కొంగు కప్పుకుని మొదలుపెట్టాను. ఇంక ఆయన ఏం చేస్తారు? కళ్లు మూసుకున్నారు.

"మా పరలోకపు తండ్రీ, నీకు స్తోత్రములు. నీ దాసుడైన మా కరస్పాండెంట్ గారికి జ్ఞాపకశక్తిని దయచేయుము. నన్ను రిసెప్షన్‌కు తీసుకున్న సంగతి ఆయన మరచిపోయారు ప్రభువా. ఫీజు కౌంటరు నేనే చూస్తున్నానని నీకు తెలుసు. బస్సులు నేనే చూస్తున్నానని నీకు తెలుసు. ఉదయం నీ పాట వాయించిన చేతులతోనే పిల్లల వాంతులు ఎత్తి, అదే చేతులతో గంట కొట్టుచున్నాను తండ్రీ. నలుగురి పని చేయించుకొని ఒక్కరి జీతమిచ్చే మనసు ఆయనకెట్లా వచ్చిందో నాకు తెలియదు. నా బిడ్డ చదువుకు నెలకు ఐదు వేలు కావాలి. ఇచ్చే మనసును ఈ గదిలోనే, ఇప్పుడే ఆయనకు దయచేయుమని యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ."

అక్కడ ఆగిపోయాను. ఆమెన్ నేను అనలేదు, వాళ్లు అనాలని.

కళ్లు తెరిచి చూస్తే ఆయన నన్నే చూస్తున్నారు. మొహం కందగడ్డలా ఉంది. ప్రార్థన విని ఆమెన్ అనకుండా కూర్చున్న క్రైస్తవుణ్ణి నా జన్మలో అదే చూడటం. ఇక ఉద్యోగం కూడా పోయిందనుకున్నాను.

"ఆమెన్" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు, కళ్లు ఇంకా మూసుకునే. ఆ వెంటనే కర్టెన్ బయట నుంచి "ఆమెన్!" అని ఆయా గొంతు వినిపించింది. పదేళ్లుగా అసెంబ్లీ వింటున్న మనిషి మరి.

ఆయన పళ్లు బిగబట్టి తనూ అన్నారు. అని, పెన్ను తీశారు.

"ప్రార్థనను గిట్ల వాడుకుంటరా ఎవరన్న?"

"మీ దగ్గరే నేర్చుకున్నాను సార్. కాగితం మీద రాసివ్వండి."

రాసిచ్చారు. నాలుగు వేలే రాశారు. ఆ వెయ్యి దగ్గర కూడా తన బుద్ధి పోనిచ్చుకోలేదు. మిగతా వెయ్యీ సాయంత్రాలు ఇద్దరు పిల్లలకు కీబోర్డు నేర్పించి సంపాదిస్తున్నాను. మా అమ్మాయి ఎంపీసీలో చేరింది. గంట కొట్టడానికి కొత్త మనిషి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన నన్ను సిస్టర్ అనడం మానేశారు, మేడం అంటున్నారు. చర్చిలో ఎదురైతే పక్కకు చూస్తారు. నాకేం బాధ లేదు, పీడ విరగడైంది.

కానీ ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. పొద్దున అసెంబ్లీలో పాట అయిపోయాక ఆయన మైకు ముందుకొచ్చి ప్రార్థన మొదలుపెడతారు. పిల్లలందరూ కళ్లు మూసుకుంటారు. నేను కీబోర్డు వెనక నిలబడి ఆయన్నే చూస్తూ ఉంటాను. మూసుకుందామని చూశాను, నా వల్ల కాలేదు. ఇప్పుడు చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తున్నా, ఇంట్లో రాత్రి మా ఆయన చేస్తున్నా, ఎవరేం రాబట్టుకోవడానికి అడుగుతున్నారో వింటూ కళ్లు తెరుచుకునే ఉంటున్నాను.