గిన్నెలో గింజల చప్పుడు

బేకరీ వెనక గదిలో ఖర్జూరాల గింజలు తీయడం ఆ పెద్దావిడ పని. బొటనవేలితో పండు చీల్చి, గింజను సత్తుగిన్నెలో పడేసి, గుజ్జును కేకుల పిండి కోసం పక్కన పెడుతుంది. వేళ్లు జిగటగా అతుక్కుంటే నీళ్లలో ముంచి మళ్లీ మొదలుపెడుతుంది. రోజూ ఎదురుగా కూర్చుని ఇదే పని చేసిన ఆమె అక్క పోయిన నెలలో చనిపోయింది. ఒక మధ్యాహ్నం పెద్దావిడ లేచి చేతులు కడుక్కుంటుంటే, గిన్నెలో టక్కుమని గింజ పడింది. కాసేపటికి ఇంకొకటి. పిండి కలుపుతున్న కోడలు బిక్కచచ్చిపోయింది.

"అత్తయ్యా, మీరిక్కడుంటే అక్కడెవరు?"

"మా అక్కేలే. పని సగంలో వదిలి పోయిందిగా, మనసొప్పలేదు." పెద్దావిడ తడిచేతులతోనే అక్క కూర్చునే చోటికి వెళ్లి, "చేసింది చాలు, ఇక వెళ్లక్కా" అంది మెల్లగా. చప్పుడు ఆగిపోయింది. కోడలు ఊపిరి పీల్చుకుంది. పెద్దావిడ మాత్రం సాయంత్రం దాకా ఒక్క పండూ ముట్టుకోకుండా, చెవులు రిక్కించి అక్కడే కూర్చుండిపోయింది.