తావూస్ అరచేతులు

అల్జీరియాలో సెతీఫ్ ఊరి చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళి కుదిరినా మొదటి కబురు తావూస్‌కే వెళ్ళేది. చెక్కపళ్ళెంలో గోధుమరవ్వ పోసి, ఉప్పునీళ్ళు చిలకరించి, అరచేతులు గుండ్రంగా తిప్పిందంటే ఆవగింజల్లా కుస్కుస్ రాలేది. ఆ చేతులకే తామర పట్టుకుంది. గోళ్ళు మందమై పసుపెక్కాయి, అరచేతులు పొలుసులు లేచి పగిలాయి. మందు రాసినన్నాళ్ళు అణిగేది, మానగానే మళ్ళీ వచ్చేది.

ఒక పెళ్ళిలో ఆమె చేసిన కుస్కుస్‌ను ఆడపడుచు వర్దా ఆ చేతులు చూసి రోసి కోళ్ళకు పోసింది. తావూస్ కళ్ళారా చూసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు పళ్ళెం ముట్టలేదు. మురికి తనలోనే ఉందనుకుని రోజుకు మూడుసార్లు జవెల్ నీళ్ళతో, అదే బట్టలు తెల్లబరిచే ఘాటు మందుతో, చేతులు కడిగేది. మండిపోయేది. అయినా ఆపేది కాదు, మొండి మనిషి.

కూతురు ఫెరూజాకు పెళ్ళి కుదిరింది. తల్లికి తగ్గ మొండిది.

"నా పెళ్ళి కుస్కుస్ నువ్వే చెయ్యాలి. లేదంటే కొట్లో ప్యాకెట్లు కొనుక్కొస్తా."

ఆ పరువు తక్కువ పని జరగకూడదనే తావూస్ అల్జీర్స్ ఆసుపత్రి మెట్లెక్కింది. రక్తం తీసుకున్నారు. కొన్ని వారాలకు డాక్టరమ్మ మళ్ళీ పిలిచింది.

"ఆ జవెల్ ఇక ఆపెయ్యమ్మా. ఇది మురికి వల్ల కాదు. తామర తెచ్చే బూజు ఎవరికైనా సోకుతుంది. ఒంట్లో కాపలా కణాలుంటాయి. అవి దాన్ని పసిగట్టి కేకేస్తే మిగతావి పరిగెత్తుకొచ్చి తరిమేస్తాయి. నీ ఒంట్లో కాపలా ఉంది, కేక లేదు. పుట్టుకతోనే అంతే. మీ అమ్మా నాన్నా చుట్టాలా?"

"అన్నదమ్ముల పిల్లలు."

"ఇద్దరి నుంచీ ఆ లోపం నీకొచ్చింది. మీ ఆయనకు అంటిందా?"

"ముప్పై ఏళ్ళుగా నా పక్కనే పడుకుంటున్నాడు. ఒక్కనాడూ గోక్కోలేదు."

"ఆయన కాపలావాళ్ళు కేకేశారు, అంతే."

"అయితే నేను మురికిదాన్ని కాదా డాక్టరమ్మా?"

"కాదు తల్లీ. రోజూ మాత్ర వేసుకో, ఎప్పటికీ మానకు. చర్మం నయమయ్యాక పిండిలో చెయ్యి పెట్టుకో."

తావూస్ అక్కడే కూర్చుని ఏడ్చింది. రోగానికి కాదు, కాల్చుకున్న ఆ ఇరవై ఏళ్ళకు.

ఆరునెలలకు అరచేతులు మెత్తబడ్డాయి. పెళ్ళికి వారం ముందు ఆడవాళ్ళంతా నడవలో పళ్ళేలు పరుచుకుని కూర్చున్నారు. తావూస్ మాత్రం గుమ్మం దగ్గరే నిలబడింది. మానిన చేతులు కొంగులో దాచుకుంది. డాక్టరమ్మ మాట చెవిలో ఉంది, కోళ్ళు కళ్ళలో ఉన్నాయి.

వర్దా తన పళ్ళెం వైపే చూస్తూ మోకాలు జరిపి చోటిచ్చింది.

"వదినా, నాది ముద్దకడుతోంది. కాస్త చూడు."

తావూస్ వచ్చి కూర్చుంది. రవ్వలో చెయ్యి పెట్టింది. వేళ్ళు ఏమీ మరిచిపోలేదు. కన్నీళ్ళు పళ్ళెంలో పడకుండా మోచేత్తో తుడుచుకుంది.

"నీళ్ళెక్కువ పోశావు" అంది. "ఇరవై ఏళ్ళుగా మీ ఇంట్లోవాళ్ళకు ఇదేనా పెడుతున్నావు?"