ఎనిమిది లోపు పెసరట్టు

ఇడ్లీ పాత్ర మూత తీసి అమ్మ పిలుస్తూనే ఉంది, లారీ డ్రైవరు మా బల్ల దాటి పక్కింటి అక్క పెనం దగ్గరికి వెళ్ళిపోతూనే ఉన్నాడు. నా చిన్నప్పుడు రోజూ పొద్దున్నే నా కడుపు మండించిన దృశ్యం ఇదే. మా ఇల్లు పోర్టుకి వెళ్ళే రోడ్డు మీద. మండపేట మిల్లుల నుంచి బియ్యం లారీలు వచ్చి మా గుమ్మం ముందే ఆగేవి. పోర్టు గేటు పగలు మాత్రమే తెరిచేవారు కాబట్టి అందరూ తెల్లారకుండానే వచ్చి వరసలో పడేవారు. ఇక ఎండెక్కేదాకా డ్రైవర్లకి పనేమీ ఉండదు. తినడం, కబుర్లు చెప్పుకోవడం, ముందు లారీ కదిలితే తామూ ఒక బారెడు కదలడం.

పనిలేని మనిషికి ఇడ్లీ ఏం ఆనుతుంది? పెసరట్టు కావాలి. పక్కింటి అక్క పిండి పోసి, దాని మీద అల్లం ముక్కలు, ఉల్లిపాయలు చల్లి, మధ్యలో ఉప్మా పెట్టి మడిచేది. ఆ వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చేది. ఆవిడకి నీలం ప్లాస్టిక్ కుర్చీలు ఉండేవి, మాకు చెక్క బల్ల. ఆవిడ జోకులు వేసేది, అమ్మకి జోకులు రావు. ఆఖరికి మేం పెంచుకున్న కుక్క కూడా వాళ్ళ పొయ్యి పక్కనే పడుకునేది. ఆవిడ చేతి పెసరట్టు చచ్చినా తిననని నేను ఒట్టు పెట్టుకున్నాను. ఎవరూ పెట్టమనలేదు, నాకు నేనే.

అప్పుడు పోర్టు వాళ్ళు పద్ధతి మార్చారు. గేటు తెల్లవారుజామునే తీస్తారు, రాత్రి పొద్దుపోయేదాకా మూయరు. కాకపోతే పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం దాకా రద్దీ వేళ కింద లెక్క. ఆ మధ్యలో లోపలికెళ్ళే లారీ అదనంగా రుసుము కట్టాలి. పట్టుమని వారం తిరక్కుండానే మా రోడ్డు మీద వరస మాయమైంది. ఎనిమిదిలోపు గేటు దాటాలని డ్రైవర్లందరూ ఒక్క పరుగు. ఆ పరుగులో కూడా అలవాటు పోక అక్క పెనం చుట్టూనే మూగేవారు. పెనం ఒక్కటే, అట్టు ఒక్కొక్కటే కాలుతుంది. గడియారం చూసుకుని సగం మంది ఆకలితోనే బండెక్కేసేవారు. అంతేగానీ పక్కకి తిరిగి మా ఇడ్లీల వైపు చూసినవాడు లేడు.

నాన్న వేటకి వెళ్తే వారాల తరబడి సముద్రం మీదే. ఒక సాయంత్రం అమ్మ చల్లారిన ఇడ్లీలు చిదిపి కోళ్ళకి వేస్తూ, ఎల్లుండి నుంచి రొయ్యలు ఒలిచే షెడ్డుకి పనికి వెళ్తానని చెప్పింది. షెడ్డు వ్యాను చీకటితో వచ్చి ఆడవాళ్ళని ఎక్కించుకుపోతుంది, మళ్ళీ చీకటిపడ్డాకే దింపుతుంది. నన్ను రామచంద్రపురంలో పెద్దమ్మ దగ్గర ఉంచి చదివిస్తానంది. నేను ఏడుస్తూ, ఇదంతా ఆ పెసరట్టు అక్క వల్లేనని గట్టిగా అరిచాను. మా రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే. అటువైపు అన్నీ వినిపిస్తాయి.

మర్నాడు పొద్దున్న అక్క పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ అందరికీ వినబడేలా చెప్పింది. ఎనిమిదిలోపు పెసరట్టు రెట్టింపు రేటు, ఎనిమిది దాటితే మామూలే.

మండపేట నుంచి వచ్చే ఒక పెద్దాయన, మేమంతా బాబాయ్ అనే డ్రైవరు, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఏంటమ్మాయ్, గేటోళ్ళు చాలరని నువ్వు కూడా మొదలెట్టావా?"

"అందరూ ఒక్కసారే మీద పడితే నేనేం చెయ్యను బాబాయ్? మా ఆయన్ని కూడా పెనం మీద పడుకోబెట్టమంటారా?" అంది అక్క. "తొందరుంటే అటెళ్ళండి. పిన్ని ఇడ్లీ పాత్ర మూత తీస్తే చాలు, పదిమందికి ఒక్కసారే వడ్డిస్తది. సరుకు దింపేసి తాపీగా వచ్చారనుకోండి, మామూలు రేటుకే ఉప్మా దండిగా పెడతాను."

ఆయన గొణుక్కుంటూ మా బల్ల దగ్గరికి వచ్చాడు. వెనకే ఇంకొకరు, ఆ వెనక గుంపు. అమ్మ చెయ్యి ఆగలేదు. నేను చట్నీ పోస్తూనే ఉన్నాను. ఎనిమిది కాకుండానే పాత్ర ఖాళీ. తర్వాత, లోపల బస్తాలు దింపేసిన ఖాళీ లారీలు ఒక్కొక్కటే తిరిగి వచ్చి అక్క ముందు ఆగాయి. నీలం కుర్చీల్లో కాళ్ళు చాపుకుని పెసరట్టు తిన్నారు వాళ్ళు.

నిజం చెప్పాలంటే నాకు కుళ్ళు తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఆవిడ వదిలేసిన బేరం మాకు ముష్టి వేసినట్టు అనిపించింది. పైగా ఆ తెలివి మా అమ్మకి ఎందుకు రాలేదు? మధ్యాహ్నం అమ్మ గోడ దగ్గర నిలబడి, నీ బేరం చెడగొట్టుకుని మాకెందుకే ఇలా చేశావని అడిగింది. అక్క రుబ్బురోలు దగ్గర నుంచి లేవను కూడా లేవలేదు.

"నీ కోసం చేశానని ఎవరన్నారు పిన్నీ? నువ్వు వ్యానెక్కితే ఆ గుంపంతా నా ఒక్కదాని మీదే పడతారు. రెండ్రోజులు చూసి, ఇక్కడ టిఫిను దొరకదని ముందూళ్ళోనే తినొస్తారు. అప్పుడు నేనూ నీ పక్కన కూర్చుని రొయ్యలు ఒలుచుకోవాలి." అని నా వైపు తిరిగింది. "నువ్వు అరిచింది విన్నాలేవే. గొంతు బానే ఉంది. రేపు ఆ గొంతుతో ఇడ్లీలు అమ్ము."

పదో తరగతితో చదువు ఆపేసి ఇప్పుడు నేను బట్టలు కుడుతున్నాను. ఈమధ్యే మా ఎదురింట్లో ఇంకొక అమ్మాయి మిషను పెట్టింది. దాని గుమ్మంలో చెప్పులు కనిపిస్తే ఇప్పటికీ నాకు కడుపులో భగ్గుమంటుంది. కుళ్ళు అనేది పోయే రోగం కాదు. కానీ అది ఎక్కువయినప్పుడల్లా ఆ పెనం, ఆ ఇడ్లీ పాత్ర గుర్తొస్తాయి. దాని చేతికి నిదానంగా సాగే పని ఏది, నా చేతికి చటుక్కున తెమిలేది ఏది అని చూసుకుంటాను. పెళ్ళి జాకెట్ల మీద అద్దాలు కుట్టమని వచ్చేవాళ్ళని దాని దగ్గరికే పంపుతాను. పంపేటప్పుడు పళ్ళు కొరుక్కుంటాను, అది వేరే సంగతి.

అక్క రేటు పెంచిన మర్నాడు చీకటితోనే షెడ్డు వ్యాను వచ్చి హారను కొట్టింది. అమ్మ చేతులు పిండిలో ఉన్నాయి. నేనే బయటికి పరుగెత్తి, మా అమ్మ రాదండీ అని చెప్పాను. వ్యాను వెళ్ళిపోయింది. తర్వాత మొదటి వాయి ఇడ్లీలు ఆకులో పెట్టుకెళ్ళి అక్కకి ఇచ్చి, ఒట్టు సంగతి ఎత్తకుండా, నాకొక పెసరట్టు పొయ్యమన్నాను.

"ఇంకా ఎనిమిది కాలేదు, రెట్టింపవుద్ది" అంది అక్క, తల కూడా ఎత్తకుండా.

నేను నీలం కుర్చీ ఒకటి లాక్కుని, ఎనిమిదయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.