ఒక్క పేరు కింద పన్నెండు మంది

మొన్న ఫోన్లో మీరిద్దరూ ఒక్కసారే అడిగారు, పొద్దున పదకొండింటికి ఎప్పుడు చేసినా ఎత్తవెందుకు అమ్మమ్మా అని. లైబ్రరీలో ఉంటాను, అక్కడ ఫోను మోగకూడదు అన్నాను. మీకు నవ్వొచ్చింది. ఏడో తరగతితో ఆపేసిన ముసలిదానికి రోజూ లైబ్రరీలో ఏం పనని. ఫోన్లో చెబితే సగం మీరు వింటారు, సగం మీ ఇంట్లో టీవీ వింటుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. పుణెలో పెరిగినవాళ్లు, తెలుగు చదవడం కష్టమైతే మీ అమ్మతో చదివించుకోండి. ఒకరు చదువుతుంటే వినడం తక్కువ పనేమీ కాదు.

మా బోధన్ లైబ్రరీ మీరు చూసిందే. పోయినసారి బస్టాండు నుంచి వస్తూ ఆగి నీళ్లు తాగాం కదా, అది. ముందు పెద్ద హాలు. పొద్దున్నే పత్రికల కోసం పెద్దమనుషులు వస్తారు. తెలుగు పత్రిక నలుగురి చేతుల్లో నాలుగు ముక్కలై ఉంటుంది. ఉర్దూ పత్రిక ఒక్కాయనే మొదటి అక్షరం నుంచి చివరి దాకా వదలడు. మరాఠీ పత్రిక కోసం ఇద్దరు కిటికీ దగ్గర కాచుకుని ఉంటారు. ఆ తర్వాత ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు. కుర్చీలు చాలక వరండాలో, మెట్ల మీద, సైకిళ్ల పక్కన కూర్చుని చదువుతారు. వెనకవైపు ఒక చిన్న గది ఉంది. తలుపు మీద "స్త్రీలు" అని రాసి ఉంటుంది. ఒక పొడవాటి బల్ల, ఒక ఫ్యాను, ఒక పుస్తకాల బీరువా. ఏళ్ల తరబడి ఆ గదిలో ఎవరూ కూర్చోలేదు.

నన్ను ఆ గదికి చేర్చింది నా కన్ను. ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఇక తంబాకు దుమ్ము దగ్గరికి పోవద్దన్నాడు. నాకేమో పెళ్లయిన నాటి నుంచి బీడీలు చుట్టడం తప్ప ఇంకో పని తెలియదు. మా వాడలో ఇంటింటా అదే పని. పొద్దున్నే ముందురోజు చుట్టిన బీడీలు కార్ఖానాలో ఇచ్చి, కొత్త ఆకు తెచ్చి, నీళ్లలో తడిపి, తడి గోనెలో చుట్టి పెడతారు. ఆకు మెత్తబడేదాకా కత్తెర పెట్టకూడదు, పెడితే విరుగుతుంది. ఆ గంటసేపే మా ఆడవాళ్ల చేతులకు ఖాళీ. ఆ వేళలో మూలింటి వదిన వాకిట్లో అందరూ కూర్చుంటే నేను పత్రిక చదివి వినిపించేదాన్ని. ఎండలు ముదిరి వాకిట్లో నీడ పోయింది. లైబ్రరీలో ఫ్యాను ఊరికే ఉంది, అక్కడ కూర్చుందాం పదండి అన్నాను.

మూలింటి వదిన నోరు మీకు తెలుసు. "సదువు రానోళ్లం లైబ్రరీకి పోతే, బోడోళ్లు దువ్వెన్ల దుకాణంకు పోయినట్టే" అంది. అన్నది గానీ, అందరికంటే ముందు చెప్పులు వేసుకున్నది తనే.

నాతో కలిపి పన్నెండు మందిమి వెళ్లాం. లోపలికి పోగానే బల్ల మీద ఒక పెద్ద రిజిస్టర్ ఉంటుంది. వచ్చిన ప్రతి మనిషీ పేరు, వాడ, వచ్చిన సమయం రాసి దస్కత్ పెట్టాలి. నేను నా పేరు రాసి దస్కత్ పెట్టాను. మిగతావాళ్లు నా వెనకే గదిలోకి నడిచారు. మర్నాడూ అంతే. వానాకాలం పోయి దసరా వచ్చేదాకా అంతే.

అందులో తప్పుందని మాలో ఒక్కరికీ తోచలేదు. ఎందుకంటే మా బతుకంతా అలాగే నడిచింది. కార్ఖానా ఇచ్చే బీడీ కార్డు ఒక్క మనిషి పేరు మీదే ఉంటుంది. ఆ పేరు కింద అత్త చుడుతుంది, కోడలు చుడుతుంది, బడి నుంచి వచ్చిన ఆడపిల్ల చుడుతుంది. నా కార్డు మీద మీ అమ్మ పెళ్లయ్యేదాకా చుట్టింది. పక్కింటి పెద్దవ్వకు కార్డు లేకపోతే ఆమె చుట్టినవి కూడా ఎన్నో ఏళ్లు నా కార్డు మీదే పోయాయి. ఏ పుస్తకంలోనూ వాళ్ల పేర్లు లేవు. లైబ్రరీ పుస్తకం కూడా అలాంటిదే అనుకున్నాం.

లైబ్రరీ సారుకు ఇంకో ఊరి లైబ్రరీ బాధ్యత కూడా ఉంది. వారంలో సగం రోజులే ఇక్కడ ఉంటాడు. వచ్చిన రోజు హాల్లో పరీక్ష పిల్లల గొడవే ఆయనకు సరిపోతుంది. మా గది లోపల ఎంతమంది ఉన్నారో, పుస్తకంలో ఎంతమంది ఉన్నారో పోల్చి చూసే తీరిక ఆయనకు లేదు.

మేం మాత్రం బాగా చదివాం. నేను చదివాను, వాళ్లు విన్నారు, ఏది చెప్పినా ఒకటే. ముందు జిల్లా పేజీ. పోచంపాడ్‌కు నీళ్లెంత వచ్చాయి, ఎన్ని గేట్లెత్తారు. ఆ తర్వాత బీరువాలోంచి తీసిన ఒక లావుపాటి నవల. ఒక్క పేజీ దాటేసినా పెద్దవ్వ పట్టుకునేది. డెబ్బై దాటిన మనిషి, అక్షరం రాదు, గానీ ఎక్కడ ఆపామో నాకంటే ఆమెకే బాగా గుర్తు. "కోడలు బాయి కాడ కుండ దించింది. ఆడ ఆపినవ్" అనేది. ఆ పుస్తకంలో గుర్తుకు కాగితం పెట్టాల్సిన అవసరమే రాలేదు.

దసరా తర్వాత నిజామాబాద్ నుంచి ఒక ఆఫీసర్ మేడం తనిఖీకి వచ్చింది. ఆమె వచ్చింది మధ్యాహ్నం. మావాళ్లంతా ఇళ్లకు పోయారు, నేనొక్కదాన్నే పత్రిక మడిచి పెడుతున్నాను. మేడం రిజిస్టర్ ముందు పెట్టుకుని చాలాసేపు పేజీలు తిప్పింది. తర్వాత నన్ను కూర్చోమంది. కసురుకోలేదు, మెత్తగానే మాట్లాడింది.

"అమ్మా, ఇన్ని నెలల్లో ఈ గదిల మీ ఒక్కరి పేరే ఉంది. బయట పిల్లలు మెట్ల మీద కూసొని చదువుకుంటున్నరు. ఒక్కరి కోసం గది ఉంచాలని పైకి నేనేమని రాయాలె?"

పన్నెండు మంది వస్తామన్నాను. ఆమె పుస్తకం వైపు చూసి, అందులో లేరు కదమ్మా అంది. మార్చి నెలాఖరుకు ఏడాది లెక్క తేలుతుంది, అప్పుడు మళ్లీ వచ్చి చూస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే గది పిల్లలకు ఇస్తాను అని చెప్పి వెళ్లింది. ఆమె అన్నదాంట్లో అన్యాయం లేదు. అదే నాకు ఎక్కువ బాధ.

మర్నాడు సారును అడిగాను, పాత పేజీల్లో ఖాళీ ఉన్నచోట మిగతా పేర్లు రాస్తానని. ఆయన పుస్తకం మూసి దాని మీద చెయ్యి పెట్టాడు. "అయిపోయిన దినాలల్ల ఇప్పుడు రాయొద్దమ్మా. అది ఎట్లున్నదో గట్లనే ఉండాలె" అన్నాడు. రేపటి నుంచి ఎవరి పేరు వాళ్లు రాస్తే మాత్రం ఎవరూ కాదనరన్నాడు.

ఆ పూటే నేను గట్టిగా అనుకున్నాను. ఆ గది పోనివ్వను. పన్నెండు మందీ తమ పేరు తాము రాస్తారు.

నేను కాక మిగిలిన పదకొండు మందిలో ముగ్గురికే పేరు రాయడం వచ్చు. మిగతావాళ్లకు పలక, బలపం దొరక్క కాదు, వాటిని పట్టుకోవాలంటే సిగ్గు. అందుకని ఆకు పట్టించాను. బీడీకి కత్తిరించాక మిగిలిన ఆకు ముక్కల మీద కత్తెర మొనతో గీస్తే గీత తెల్లగా తేలుతుంది. రోజంతా చేతిలో ఉండేవి అవే కదా. బీడీలు చుట్టే చోటే ఒక ముక్క తీసుకుని ఒక అక్షరం గీసేవాళ్లు, చాట కింద దాచేవాళ్లు. మూలింటి వదిన వారంలో తన పేరు నేర్చుకుంది. దీపావళి దాటేసరికి గోడ మీద పోస్టర్లు కూడా కూడబలుక్కోవడం మొదలుపెట్టింది. పెళ్లికార్డు కనబడితే చాలు, పేర్లన్నీ బయటికి చదివేది. ఒక్కొక్కరే రిజిస్టర్ ముందు నిలబడి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని రాస్తుంటే, వెనకాల పత్రికల పెద్దమనుషులు వరుసలో నిలబడి గొణిగేవాళ్లు. గొణగనీ అనుకున్నాను.

పెద్దవ్వ మాత్రం రాలేదు. అంటే లైబ్రరీకి వచ్చింది, రిజిస్టర్ దగ్గరికి రాలేదు. వేలుముద్ర వేయవచ్చని సారు చెప్పాడు. "సదువుకునే తాన ఏలుముద్ర ఏస్తే ఇజ్జత్ ఏముంటది?" అని, పుస్తకంలో లేనివాళ్లు గదిలో ఉండకూడదు కదా అని, తానే వెళ్లి వరండాలో మా కిటికీ కింద కూర్చునేది. నేను కిటికీ వైపు తిరిగి గొంతు పెంచి చదివేదాన్ని.

చెరకు బళ్లు రోడ్డు నిండా నడిచే రోజులు వచ్చాయి. ఆ నెలాఖరున పేజీలు చూస్తే నాతో కలిపి పదకొండు పేర్లు. నా మనసులో పన్నెండే నిలబడి ఉంది. ఒక్క పేరు తక్కువైతే గది పోతుందేమోనని భయం పట్టుకుంది. ఒకరోజు చివర్లో, ఎవరూ లేనప్పుడు, పెద్దవ్వ పేరు నేనే రాశాను. నా రాత అని తెలియకుండా ఎడమచేత్తో రాశాను.

మర్నాడు దస్కత్ పెట్టబోయిన మూలింటి వదిన కొత్తగా వచ్చిన చదువుతో ముందురోజు పేజీ అంతా చదివింది. అక్కడినుంచే వరండాలోకి కేకేసింది.

"ఏందే పెద్దవ్వా, నిన్న గీడ నీ పేరున్నది. మాకు చెప్పకుండ ఎప్పుడు నేర్సినవ్?"

పెద్దవ్వ లోపలికి వచ్చింది. తనకు ఆ అక్షరాలు తెలియకపోయినా వాటిని వేలితో తడిమింది. ఎవరు రాశారని అడిగింది. నేనే అన్నాను. గది పోకూడదని రాశానన్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"నా బీడీలు నీ కార్డు మీద పోయినయ్. సరే. నా పేరు గూడ నీ చేతి మీదికెల్లే పోవాల్నా?"

ఆమె సారును పిలిచి దాన్ని కొట్టేయమంది. సారు ఎర్ర గీత కొట్టి, పక్కన నన్ను దస్కత్ పెట్టమన్నాడు. పెట్టాను. ఆ ఎర్ర గీత మేడం కంట పడుతుందని తెలుసు. అయినా పెట్టాను.

ఆ తర్వాత పెద్దవ్వ వరండాకు కూడా రాలేదు. నవల తీస్తే మిగతావాళ్లు వద్దన్నారు. ఆమె లేకుండా ముందుకు చదవొద్దు, పత్రికే చదువు అన్నారు. నాలుగు రోజులు చూసి ఆమె ఇంటికి వెళ్లాను. గడపలో కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. తప్పు నాదే అన్నాను. నేర్పిస్తాను, రా అన్నాను.

"నీ కాడ వద్దు" అంది. "నువ్వు నా చెయ్యి పట్టి రాయిస్తే, అది మల్ల నీ దస్కతే అయితది."

లేచి వచ్చేస్తుంటే చూశాను. ఆమె చాట అంచున ఒక ఆకు ముక్క. దాని మీద వంకరగా సగం అక్షరం. నేను చూసినట్టు ఆమెకు తెలియనివ్వలేదు. ఎవరు నేర్పిస్తున్నారో రెండు రోజులకు తెలిసింది, మూలింటి వదిన.

పది రోజులకు పెద్దవ్వ వచ్చింది. నన్ను దాటి రిజిస్టర్ దగ్గరికి నడిచి, కలం పట్టుకుని, ఒక్క అక్షరం రాసి ఆపేసింది. అంతే వచ్చు, మిగతాది వచ్చినప్పుడు రాస్తానంది. సారు ఆ అక్షరం చూసి, ఇది చాలు అన్నాడు. గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని, "బాయి కాడికెల్లి కోడలు ఇంటికొచ్చింది. అత్త తలుపు తీస్తలేదు. సదువు" అంది.

మార్చి నెలాఖరున మేడం వచ్చింది. ఈసారి కబురు తెలిసి మేం పన్నెండు మందిమీ కూర్చున్నాం. ఇళ్లలో ఆకు గోనెలో ఉంది, ఎక్కువ ఆలస్యమైతే పాడవుతుంది. ఎవరూ కదల్లేదు. ఆమె పేజీలు తిప్పుతూ ఎర్ర గీత దగ్గర ఆగింది. ఇదేంటని అడిగింది. నేను లేచి నిలబడి చెప్పాను, ఆ పేరు నేను రాశాను, ఆమెను అడగకుండా రాశాను, ఆమే కొట్టేయించింది అని. మేడం ఇంకా ముందుకు తిప్పింది. తర్వాత వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకు. పేజీ అడుగున వేలు పెట్టి అడిగింది, ఈ పేరు ఒక్క అక్షరంతో మొదలై రోజులు పోయేకొద్దీ పెరుగుతోందేమిటని.

"నేర్సుకున్నంతే రాసిన బిడ్డా" అంది పెద్దవ్వ. "రానిది రాస్తే అబద్ధమైతది."

మేడం పుస్తకం మూసింది. కొంచెంసేపు మాతోనే కూర్చుని, మేం ఏం చదువుతున్నామో అడిగి, ఒక పేజీ విని వెళ్లింది. తర్వాత సారు చెప్పాడు, పొద్దున మొదలు మధ్యాహ్నం పన్నెండు దాకా గది మాది, ఆ తర్వాత పరీక్ష పిల్లలది. నాకు సంతోషమే. మెట్ల మీద ఎండలో చదివేవాళ్ల పక్కనుంచి రోజూ నడిచి వెళ్లడం నాకూ బాగుండేది కాదు. ఇప్పుడు పన్నెండు కాగానే తలుపు బయట వాళ్ల చెప్పుల చప్పుడు వినిపిస్తుంది, మేం లేస్తాం.

ఏప్రిల్ మొదట్లో కొత్త రిజిస్టర్ పెట్టారు. అలవాటు ఎక్కడికి పోతుంది, కలం కోసం అందరికంటే ముందు నా చెయ్యే పోయింది. పెద్దవ్వ మోచేత్తో నన్ను పక్కకు జరిపింది. మొదటి పేజీ మొదటి వరుసలో తన పేరు పూర్తిగా రాసింది. చాలాసేపే పట్టింది. ఆ కింద నా పేరు రాసి, కలం వెనకున్నవాళ్లకిచ్చాను.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు మిమ్మల్నిద్దరినీ తీసుకుపోతాను. తెలుగులో పేరు రాయడం ఇప్పటినుంచే నేర్చుకోండి. మీ బదులు నేను రాయను. ఫోను మాత్రం పన్నెండు దాటాక చేయండి.